ముగ్గురాయి నుంచి మూలకుర్చీ దాకా

నా ట్రంకుపెట్టెలో రెండు సర్టిఫికెట్లున్నాయి. ఒకటి మంగంపేట దగ్గర ముగ్గురాయిని పిండి చేసే ఒక మిల్లు ఇచ్చింది. ‘పై వ్యక్తి మా సంస్థలో హెల్పర్‌గా పనిచేశారు’ అని ఉంది అందులో. నేనక్కడ చేసింది ఫిట్టరు పని. రెండోది వైకల్యం ఉన్న పిల్లల వసతి పాఠశాల ఒకటి ఇచ్చింది. ‘అంకితభావంతో, మాతృహృదయంతో సేవలందించారు’ అని ఉంది. ఏం సేవలో రాయలేదు. మొదటి కాగితంలో పని ఉంది, పనితనం లేదు. రెండో కాగితంలో మంచితనం ఉంది, పనే లేదు.

మా అన్న కూతురు పాలిటెక్నిక్ దరఖాస్తు కోసం ఇంట్లో కాగితాలన్నీ తిరగేస్తుంటే ఇవి బయటపడ్డాయి. రెండూ చదివి, “అత్తా, నువ్వు ఇన్నేండ్లు రెండు పన్లు చేసినావు గదా, దేంట్లోనూ ఏమీ రాయలేదేంది?” అనడిగింది. ఆ పిల్లకు చెప్పాల్సిన జవాబే ఈ వ్యాసం.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో తమ చరిత్ర చెప్పుకున్నారు. మా ఇంట్లో ఆడవాళ్ళు ఏ పోరాటంలోనూ లేరు. గనిలో, మిల్లులో, మంచం పక్కన బతికారు. దానికీ ఒక చరిత్ర ఉంటుందని, అది నా ఇష్టాయిష్టాలతో మొదలు కాలేదని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

*

మంగంపేట ఓబులవారిపల్లె మండలంలో, రైల్వేకోడూరుకు దగ్గర్లో ఉంది. 2022లో జిల్లాలు విడదీసేదాకా కడప జిల్లా. చుట్టూ మామిడి, అరటి తోటలు. మధ్యలో మెట్లుమెట్లుగా దిగిపోయే పెద్ద గొయ్యి. ఒకేచోట ఉన్న బెరైటీస్ నిక్షేపాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని దీనికి పేరు. 7 కోట్ల టన్నులకు పైగా ఖనిజం ఉందని లెక్క వేశారు. శాస్త్రం పేరు బేరియం సల్ఫేటు. దీని పిండితో ముగ్గులేస్తారు కాబట్టి మాకు ముగ్గురాయి. పేగుల ఎక్స్‌రేకు ముందు రోగికి తాగించే తెల్లటి మందులో ఉండేది కూడా ఇదే పదార్థం. కానీ ప్రపంచం దీన్ని కొనేది ముఖ్యంగా చమురు బావుల కోసం. బావి తవ్వేటప్పుడు అడుగునుంచి గ్యాసు, చమురు ఒక్కసారిగా ఎగదన్నకుండా బరువైన బురదతో అణిచి ఉంచాలి. ఆ బరువు మా రాయి పిండి ఇస్తుంది.

1973లో అరబ్ దేశాలు చమురు బిగించాయి. ధర పెరిగింది. అన్ని దేశాలూ కొత్త బావుల వెంట పడ్డాయి. మన దేశంలో 1974లో బొంబాయి హైలో చమురు పడింది. ఆ దశకంలోనే మా అమ్మ రాయి ఏరే పనిలో చేరింది. బావి ఎక్కడో సముద్రంలో, అమ్మ ఇక్కడ ఎండలో. రెంటికీ మధ్య ఉన్న సంబంధం ఆమెకెవరూ చెప్పలేదు.

రాయి ఏరడం అంటే పనికొచ్చే రాయిని పనికిరాని రాయినుంచి వేరు చేయడం. మామూలు రాయి నీటికి రెండున్నర రెట్ల కంటే కొంచెం ఎక్కువ బరువుంటుంది. మంచి ముగ్గురాయి నాలుగు రెట్లు దాటుతుంది. చమురు బావులకు అంతర్జాతీయంగా అడిగే సాంద్రత చాలాకాలం 4.20గా ఉండేది. ఆ అంకె అమ్మకు తెలియదు. రెండు చేతుల్లో రెండు రాళ్ళు పెట్టుకుని ఒకసారి పైకీ కిందికీ ఆడించేది. ఒకదాన్ని కుప్పలో వేసేది, ఒకదాన్ని పారేసేది. ఎట్లా తెలుసమ్మా అంటే, “సెయ్యికి తెలుస్తాదిలే మే” అనేది. తర్వాత నేను మిల్లులో ల్యాబు పరీక్షలు చూశాను. నీళ్ళ సీసాతో, త్రాసుతో వాళ్ళు కొలిచేది అమ్మ చేతితో కొలిచిందే. మస్టరు పుస్తకంలో మాత్రం అమ్మ నైపుణ్యం లేని కూలీ.

1979లో తమ్ముడు పుట్టాడు. కాన్పు కష్టమైంది. పుట్టగానే ఏడవలేదు. మెడ నిలవలేదు. కాళ్ళు కత్తెరలాగా బిగుసుకునేవి. దాన్ని సెరిబ్రల్ పాల్సీ అంటారని మాకు ఇరవై ఏళ్ళ తర్వాత తెలిసింది. అమ్మ వాణ్ణి చంకలో వేసుకుని పనికి పోయి, రేకుల షెడ్డులో చీరె ఉయ్యాల కట్టేది. గనుల చట్టం కింద 1966లో శిశుగృహాల నిబంధనలొచ్చాయి. ఆరేళ్ళలోపు పిల్లలకు గని దగ్గర చోటు, పాలు, చూసుకునే మనిషి ఉండాలని వాటి సారాంశం. మా అమ్మకు దక్కింది షెడ్డులో ఒక మూల మాత్రమే. ఆ మూలకు కూడా ఆరేళ్ళే గడువైంది. ఆరేళ్ళు నిండేసరికి పిల్లలు నడుస్తారు, బడికి పోతారు అని చట్టం అనుకుంది. ఆరేళ్ళు నిండినా ఒళ్ళోనే ఉండే బిడ్డ ఆ చట్టం ఊహలో లేడు. “ఇంత పిల్లోణ్ణి తీసుకరావద్దు” అన్నాడు మేస్త్రీ. అమ్మ పని మానేసింది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆమె చేసిన పనికి మస్టరు పుస్తకం కూడా లేదు.

*

1993లో నేను ఐటిఐలో ఫిట్టరు ట్రేడులో చేరాను. అప్పట్లో ఐటిఐకి పోయే ఆడపిల్లలంటే కుట్టుపని, స్టెనోగ్రఫీ. నాయన వద్దన్నాడు. అమ్మ, “రాయి ఏరే సెయ్యి కంటే స్పానరు పట్టే సేతికి కూలెక్కువ. పోనీ దాన్ని” అంది. మొదటి నెలలన్నీ ఇనుప ముక్కను వైసులో బిగించి ఆకురాయితో రుద్దడమే. నాలుగు వైపులా చదరం రావాలి. మట్టం పెట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనిపించకూడదు. కనిపిస్తే మళ్ళీ రుద్దాలి. అరచేతులు బొబ్బలెక్కాయి. ఇనుమును బలంతో కాదు ఓపికతో లొంగదీయాలని నేర్చుకున్నది అక్కడే.

1996లో మిల్లులో చేరాను. మా మిల్లులో రేమండ్ యంత్రం ఉండేది. మధ్యలో తిరిగే కడ్డీకి వేలాడే రోలర్లు గుండ్రటి ఉక్కు రింగును ఒరుసుకుంటూ తిరుగుతాయి. నాగలి లాంటి పలక కిందపడిన రాయిని ఎత్తి వాటి మధ్యకు తోస్తుంది. నలిగిన పిండిని గాలి పైకి లాగుతుంది. 200 మెష్ జల్లెడ మీద నూటికి మూడు పాళ్ళ కంటే ఎక్కువ మిగిలితే ఆ పిండి చమురు బావులకు పనికిరాదు. రోలరు అరిగినా, రింగు అరిగినా ముందు పిండి ముతకబడుతుంది, తర్వాత శబ్దం మారుతుంది. స్క్రూడ్రైవరు మొన బేరింగు గూటికి ఆనించి, పిడి చెవికి ఆనించి వినేదాన్ని. బేరింగు పాడవబోయే ముందు గొణుగుతుంది. ఆ గొణుగుడు నాకు బాగా పట్టుబడింది. రోలరు విప్పి షిమ్ములు పెట్టి బిగించడం, బెల్టులు సరిచూడడం, బ్లోయరు సమతూకం చేయడం అన్నీ చేశాను. జీతం హెల్పరుదే.

ఎందుకని అడిగితే యజమాని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. “రాత్రి మిల్లు ఆగితే నువ్వు రాలేవు గదా. రాత్రి రాని ఫిట్టరు ఫిట్టరెట్లయితాడు?” ఆయన అబద్ధం చెప్పలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ స్త్రీలను ఉదయం 6 నుంచి రాత్రి 7 దాకానే పని చేయించాలంది. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ కూడా అదే వేళలు పెట్టి, భూగర్భంలో స్త్రీల పనిని పూర్తిగా నిషేధించింది. రక్షణ అనే పేరుతో వచ్చిన ఆ వేళలు మిల్లులో నా గ్రేడును నిర్ణయించాయి. పగలంతా నేను బాగుచేసిన యంత్రం రాత్రి ఆగిపోతే దాన్ని మళ్ళీ తిప్పినవాడు ఫిట్టరు.

ఆ రక్షణ కూడా అన్ని కాలాల్లో ఒకేలా లేదు. భారతదేశపు గనుల్లో స్త్రీలు మొదట్లో భర్తలతో కలిసి భూగర్భంలోకి దిగేవారు. 1929 నుంచి వాళ్ళను క్రమంగా తగ్గిస్తూ వచ్చారు. 1937లో పూర్తిగా ఆపేశారు. రెండో ప్రపంచయుద్ధంలో బొగ్గు చాలక 1943లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. స్త్రీలు మళ్ళీ దిగారు. యుద్ధం అయిపోయాక 1946లో నిషేధం మళ్ళీ వచ్చింది. 1952లో గనుల చట్టంలో శాశ్వతంగా చేరింది. ఆ మూడేళ్ళూ స్త్రీల సున్నితత్వం ఏమైందో ఎవరూ చెప్పలేదు. 2019లో రాత్రిపూట బహిరంగ గనుల్లో, పగటిపూట భూగర్భంలో స్త్రీలకు అనుమతి వచ్చింది. కానీ భూగర్భంలోకి సాంకేతిక, పర్యవేక్షక, నిర్వాహక ఉద్యోగాలకే. 2025 నవంబరు 21న నాలుగు శ్రామిక కోడ్‌లు అమల్లోకి వచ్చి, సమ్మతితో అన్నిచోట్లా రాత్రిపని చేయవచ్చన్నాయి. తలుపు తెరిచారు, మంచిదే. రాత్రి ఇంట్లో బిడ్డ దగ్గర ఎవరుంటారన్న ప్రశ్నను మాత్రం గడప బయటే వదిలేశారు.

ఆ ప్రశ్నను చాలాముందే తనకు తాను వేసుకున్న తెలుగు స్త్రీ ఒకరున్నారు. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనేళ్ళకు పెళ్ళి. 1937లో భర్త చనిపోయేనాటికి కూతురికి నాలుగు నెలలు. వైద్యం చదివితే అర్ధరాత్రి బిడ్డను వదిలి పోవాల్సి వస్తుందని ఇంజనీరింగు ఎంచుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు కావడంతో తలుపు తెరుచుకుంది. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడు సివిల్‌లో మరో ఇద్దరు స్త్రీలు, తెరేసియా, లీలమ్మ జార్జి కూడా. పట్టా కాగితాల మీద ‘హీ’ అని అచ్చులో ఉన్నదాన్ని కొట్టేసి ‘షీ’ అని చేత్తో రాసి ఇచ్చారని చెబుతారు. తర్వాత ఆమె కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో పనిచేశారు, భాక్రానంగల్ ఆనకట్ట పనుల్లో పాలుపంచుకున్నారు, 1964లో న్యూయార్కులో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళారు.

లలిత గారి కథ చదివినప్పుడల్లా నాకు గర్వంగానూ ఉంటుంది, దిగులుగానూ ఉంటుంది. బిడ్డ కోసం రాత్రిపని లేని వృత్తి అని ఆమె ఇంజనీరింగుకు వచ్చారు. రాత్రిపని చేయలేదని నన్ను ఇంజనీరింగు పనిలో హెల్పరును చేశారు. ఆమె డ్రాయింగు బల్ల దగ్గర ఇంజనీరు, నేను గ్రీజు పూసుకునే ఫిట్టరును. తండ్రి ఆచార్యుడైన కూతురికీ, తల్లి రాయి ఏరిన కూతురికీ ఉన్న తేడా అది. నా కాగితం మీద ఎవరూ ఒక మాట కొట్టేసి ఇంకో మాట రాయలేదు.

*

1998లో చమురు ధర పడిపోయింది. ఆ ఏడాది చివరికి బ్యారెల్ పది డాలర్ల దగ్గరికొచ్చింది. బావులు తవ్వేవాళ్ళు తగ్గారు. మా మిల్లు ఒక షిఫ్టుకు దిగింది. మొదట ఆపేసింది నన్ను. “నీకేం, ఇంటికాడ తమ్ముడున్నాడు గదా, సూసుకో” అన్నారు ఓదార్పుగా. పని పోయిన మగవాళ్ళకెవరికీ ఆ ఓదార్పు దక్కలేదు.

ఇంగ్లండు చరిత్ర చదివితే ఈ మాట కొత్తగా అనిపించదు. మొదటి ప్రపంచయుద్ధంలో లక్షలాది స్త్రీలు అక్కడ ఆయుధ కర్మాగారాల్లో లేతు యంత్రాల మీద పనిచేశారు. 1919లో యుద్ధపూర్వ పద్ధతులను పునరుద్ధరించే చట్టం తెచ్చి ఆ పనుల్ని తిరిగొచ్చిన మగవాళ్ళకు ఇచ్చేశారు. స్త్రీలను ఇంటిపనులకూ పిల్లల పెంపకానికీ పొమ్మన్నారు. అదే ఏడాది అక్కడ మహిళా ఇంజనీరింగు సొసైటీ పుట్టింది. మాకు అలాంటిదేమీ పుట్టలేదు. నేను 1999లో మా జిల్లాలోనే వైకల్యం ఉన్న పిల్లల వసతి పాఠశాలలో ఆయాగా చేరాను. తమ్ముణ్ణి చూసుకున్న అనుభవమే నా అర్హత అన్నారు. ఐటిఐ సర్టిఫికెట్టును చూడకుండానే తిరిగిచ్చారు.

ప్రేమతో చేరలేదు. జీతం కోసం చేరాను. ఈ మాట రాయడం అవసరం. ఎందుకంటే ఆ పనిలో ఉన్న ప్రతి స్త్రీ గురించీ ప్రేమతో వచ్చిందనే రాస్తారు.

అప్పటికి పోలియో ఇంకా పోలేదు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియోరహితమని ప్రకటించారు. మా బడిలో సగంమంది పిల్లలు కాలిపర్లు వేసుకునేవాళ్ళు. కాలిపరంటే రెండు ఉక్కు పట్టీలు, తోలు బెల్టులు, మోకాలి దగ్గర తాళం, అడుగున బూటు. కాన్పూరులో 1972లో ఏర్పడిన ప్రభుత్వ కృత్రిమ అవయవాల కర్మాగారం నుంచి అలాంటి పరికరాలు దేశమంతా పోయేవి. వచ్చేది అక్కణ్ణించి, చెడిపోయేది ఇక్కడ. మోకాలి తాళం పిన్ను అరిగితే పిల్ల నడుస్తూ నడుస్తూ కూలబడేది. మరమ్మత్తుకు పంపితే నెలలు. ఒకరోజు ఆకురాయి తెప్పించి కొత్త పిన్ను రుద్ది వేశాను. ఆ పిల్ల మర్నాడు ప్రార్థనలో నిలబడింది. అప్పటినుంచి కాలిపర్లు, చక్రాల కుర్చీల బేరింగులు అన్నీ నా దగ్గరికే.

తమ్ముడిలాంటి పిల్లలకు కావలసింది వేరు. వాళ్ళను పడుకోబెట్టే అన్నం పెట్టేవాళ్ళం. పొలమారేది, రొమ్ము పట్టేది. సికింద్రాబాదులో 1984లో పెట్టిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థలో చదివొచ్చిన టీచరమ్మ మాకు మూలకుర్చీ బొమ్మ గీసి చూపించింది. రెండు చెక్కలు గోడమూలలాగా కలిసేచోట వీపు ఆనించి, తుంటి, మోకాలు, చీలమండ మూడూ తొంభై డిగ్రీల్లో ఉండేలా కూర్చోబెట్టాలి. కాళ్ళు దగ్గరికి బిగుసుకోకుండా మధ్యలో దిమ్మె. ఆమె గీసింది. చేసింది నేను. ప్లైవుడ్డు, పాత కన్వేయరు బెల్టు ముక్కలు, దూది. తమ్ముడి తుంటి కొలతలు గుర్తుంచుకుని మొదటిది చేశాను. కానీ ప్రతి బిడ్డకూ వేరే కొలత. కూర్చోబెట్టి, చూసి, అర అంగుళం తగ్గించి, మళ్ళీ కూర్చోబెట్టాలి. గడ్డం కొంచెం కిందికి వంచి, దవడ కింద వేళ్ళు ఆనించి, చిన్న చెంచాతో నాలుక మధ్యలో పెడితే మింగుతారు. ఆరేడు వారాల్లో పొలమారడం తగ్గింది. కొందరు బరువు పెరిగారు.

పిల్లలు యంత్రాలు కారు కదా అని మీరనవచ్చు. కారు. బేరింగు నన్ను చూసి నవ్వదు, నిన్న తిన్నది ఇవాళ వద్దని మొహం తిప్పుకోదు. పిల్లలకు ఇష్టముంటుంది, కోపముంటుంది. నాకు చెంచా పట్టడం నేర్పింది వాళ్ళే. నేను చెప్పేది పిల్లల గురించి కాదు, చేతుల గురించి. తుప్పుపట్టిన బోల్టును బలంగా తిప్పితే విరుగుతుంది. బిగుసుకున్న కాలిని బలంగా లాగితే ఇంకా బిగుసుకుంటుంది. పట్టుకుని, ఆగి, వదులయ్యేదాకా ఉండాలి. మిల్లులో దాన్ని పనితనమంటారు. ఇక్కడ ఓర్పు అన్నారు. ఓర్పుకు స్కేలు లేదు.

ఈ సంగతి ఆడవాళ్ళకే కాదు, చేతిపని చేసేవాళ్ళందరికీ ఉంది. 1968లో జైపూరు పాదాన్ని తయారుచేసిన ఇద్దరిలో డాక్టర్ పి.కె.సేథీ శస్త్రవైద్యుడు, రామచంద్ర శర్మ పెద్ద చదువు లేని శిల్పి. 1981లో మెగసెసె పురస్కారం సేథీ గారికి వచ్చింది. పాదం ఇద్దరిదీ. అయితే శర్మగారు కనీసం మాస్టర్జీ అయ్యారు. ఆయా ఆయాగానే ఉంది. 1992లో పునరావాస మండలి చట్టం వచ్చాక ప్రత్యేక టీచర్లకు డిప్లొమా, రిజిస్టరు, నంబరు వచ్చాయి. ఎప్పుడో రావలసిందే. కానీ ఆ గీతకు ఇవతల పిల్లల్ని ఎత్తి, కడిగి, తినిపించే మేము మిగిలిపోయాం. మా మూలకుర్చీలను చూడ్డానికి వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. ఎవరు చేశారంటే ‘ఇక్కడే చేయించాం’ అన్నారు.

*

2004 నాటికి చమురు ధర మళ్ళీ లేచింది. మిల్లు కబురు పెట్టింది. పోయాను. పిల్లలు గేటు దాకా వచ్చారు, అయినా పోయాను. జీతం రెట్టింపు. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లకు చేరినప్పుడు మా మిల్లు మూడు షిఫ్టులు నడిచింది. అక్కడ నేను వసతి పాఠశాల మాట ఎత్తేదాన్ని కాదు. ఆ ఐదేళ్ళూ ఖాళీగా ఉన్నట్టే చెప్పుకున్నాను. మిల్లులో ఊడ్చే ఆడవాళ్ళతో కూర్చుని తినడం కూడా తగ్గించాను. స్పానరు పట్టిన చెయ్యి గొప్పదని నేనూ నమ్మాను.

ఆ పదకొండేళ్ళూ తమ్ముణ్ణి చూసింది అమ్మ. అరవై దాటిన మనిషి ముప్ఫై ఏళ్ళవాణ్ణి ఎత్తి స్నానం చేయించింది. నేను ఫిట్టరునయ్యానంటే నా తెలివొక్కటే కారణం కాదు, ఇంట్లో ఆ పని ఇంకొకరు చేశారు. లలితగారి వెనకా కుటుంబం అండ ఉంది. యంత్రం దగ్గర ఒక స్త్రీ నిలబడిందంటే, బిడ్డ దగ్గర ఇంకో స్త్రీ నిలబడి ఉంటుంది. చరిత్ర మొదటి స్త్రీని మాత్రమే లెక్కపెడుతుంది. లెక్కపెట్టినప్పుడు.

2014 నడిమికి వంద డాలర్ల పైనున్న చమురు 2016 జనవరికి ముప్ఫై కిందికి పడింది. మధ్యలోనే మా మిల్లు మూతపడింది. అదే కాలంలో అమ్మ నడుం పట్టేసింది. నేను మళ్ళీ పిల్లల దగ్గరికొచ్చాను, మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రానికి. ఊళ్ళోవాళ్ళు దీన్ని నేను పని మార్చుకోవడం అన్నారు. నేను పని మార్చుకోలేదు. అమ్మ షిఫ్టు దిగింది, నేనెక్కాను.

ఇక్కడ ఇచ్చేదాన్ని జీతమనరు, గౌరవ వేతనమంటారు. ఆ మాటకూ చరిత్ర ఉంది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైనప్పుడు అంగన్‌వాడీ స్త్రీలను ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద కార్యకర్తలు అన్నారు. స్వచ్ఛందం కాబట్టి వేతనం కాదు, గౌరవం. వాళ్ళకు గ్రాట్యుటీ హక్కుందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 ఏప్రిల్ దాకా పట్టింది. దాదాపు నలభై ఏడేళ్ళు. ఇంటిలోపలి పనికి ఆ గౌరవమూ లేదు. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీలు దానికి రోజుకు 299 నిమిషాలు పెడితే పురుషులు 97 నిమిషాలు. ఇంట్లోవాళ్ళ సంరక్షణ చేసేవాళ్ళలో స్త్రీలు 134, పురుషులు 76. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎక్కువ సహాయం అవసరమైనవాళ్ళకు సంరక్షకుల భత్యం గురించి ఒక వాక్యం రాసింది. 2024 జులైలో మన రాష్ట్రం పూర్తిగా మంచాన ఉన్నవాళ్ళ పింఛను 15,000 రూపాయలు చేసింది. మా ఇంట్లో ఆ డబ్బుతో మందులొచ్చాయి, మంచి పరుపొచ్చింది. అది తమ్ముడి హక్కు, వాడికే చెందాలి. వాణ్ణి ఎత్తే చేతుల లెక్క వేరే రాయాలి.

*

మేనకోడలికి మెకానికల్ డిప్లొమాలో సీటు వచ్చింది. ఇంట్లో అందరూ సంతోషించారు, వారం రోజులు. తర్వాత మా అన్న మెల్లగా అన్నాడు: “హాస్టలు ఎందుకులే. అమ్మకు సేతగాదు. నువ్వు పనికి పోతావు. పగులు వానికాడ ఎవురుంటారు?” ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. 1985లో అమ్మను ఆపిన మాట, 1998లో నన్ను ఓదార్చిన మాట ఇదే. మూడోతరం గడపలోకి వచ్చి కూర్చుంది.

“నువ్వుండు” అన్నాను అన్నతో.

ఆయన నవ్వాడు. ఆయన తోటపనికి తెల్లవారుజామున పోయి పదిగంటలకు ఇంటికొస్తాడు. సాయంత్రం దాకా ఖాళీ. నలభై అయిదేళ్ళుగా తమ్ముడున్న ఇంట్లోనే ఉంటున్నాడు, ఒక్కసారి కూడా ముద్ద పెట్టలేదు. రాదన్నాడు. ఎవరికీ పుట్టుకతో రాదు, నేర్పిస్తానన్నాను. “మొగోడు సేసే పనా అది” అని అమ్మే అడ్డమొచ్చింది. “సేతికి తెలుస్తాదిలే మా” అన్నాను. అమ్మ ఇంకేం మాట్లాడలేదు.

మొదటి రోజు అన్నం సగం చొక్కామీద పడింది. తమ్ముడు విసుక్కుని మొహం తిప్పుకున్నాడు. మూడోరోజు అన్న దవడ కింద వేళ్ళు సరిగ్గా ఆనించాడు. ఎత్తేటప్పుడు నడుం కాదు, మోకాళ్ళు వంచాలని ఇంకా రాలేదు. కోపం వస్తుంది, రెండుసార్లు మానేస్తానన్నాడు. మానేస్తే ఏమవుతుందో నాకూ తెలియదు. మేనకోడలు మాత్రం హాస్టలుకు పోయింది.

పోయేముందు దరఖాస్తు నకలు ఒకటి నాకు చూపించింది. కుటుంబ వివరాల్లో జేజి పేరు ఎదురుగా వృత్తి అన్నచోట ‘గృహిణి’ అని అన్న రాయించి ఉన్నాడు. ఆ పిల్ల పెన్ను తీసి దాన్ని కొట్టేసింది. ఏం రాయాలత్తా అనడిగింది. ముగ్గురాయి గ్రేడింగు పదేండ్లు, సంరక్షణ ముప్ఫై ఏండ్లు అని చెప్పాను. గడిలో చోటు చాలలేదు. పక్కన మార్జిన్లో రాసుకుంది.